వచ్చేసిందన్న టేబుల్

రెస్టారెంటు గుమ్మంలో నిలబడే అమ్మాయి నవ్వుతూ "బస్ హో గయా మ్యామ్" అంటే నాకు ఇప్పటికీ అరిచేతులు చల్లబడతాయి. అయిపోయింది అని ఆ మాటకి అర్థం. ఇంకా అవలేదు అని కూడా దానికే అర్థం. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా తెలుగులోనూ ఇదే తంతు. అంత తెలిసి ఉండి కూడా ఒక ఆదివారం మధ్యాహ్నం మా అక్కని పోగొట్టుకోబోయాం.

అక్క ఢిల్లీ కంటోన్మెంటులో ఉంటుంది. బావగారు సైన్యంలో సుబేదారు. ఆ ఏడు ఆయన్ని సరిహద్దు కొండల మీదికి వేశారు. కుటుంబాన్ని తీసుకెళ్ళే చోటు కాదు కాబట్టి అక్క, కూతురు ఇక్కడి క్వార్టర్లోనే ఉండిపోయారు. నేను ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉంటూ నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి పోయి వస్తుంటాను. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నా సెలవు రోజుల మీద నాకంటే అక్క కూతురికే హక్కు ఎక్కువ.

అక్కకి చిన్నప్పటి నుంచీ షుగర్. మాత్రలకి లొంగే రకం కాదు. ప్రతి భోజనానికీ ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. మా ఇంట్లో దాన్ని ఇన్సులిన్ అనరు, సూది అంటారు. సూది వేసుకున్నాక కంచం ముందు కూర్చోవలసిందే. ఆలస్యమైతే ఒంట్లో చక్కెర పడిపోతుంది, మనిషి మనిషి కాకుండా పోతుంది. ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. విజయనగరంలో మా ఇంట్లో, పదో తరగతి చదివే అక్క వంటింటి గడప మీద కూర్చుని, చెమటలు కారుతుండగా నా మొహంలోకి చూసి "నువ్వెవరు?" అని అడిగింది. అమ్మ పంచదార నీళ్ళు పట్టించాక మళ్ళీ నన్ను గుర్తుపట్టింది. ఆ ప్రశ్న అడిగిన సంగతి అక్కకి గుర్తు లేదు. నేను మర్చిపోలేదు.

పాపకి అప్పుడు తొమ్మిదేళ్ళు నిండుతున్నాయి. తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. నన్ను పిన్ని అని పిలవదు, మౌసీ అంటుంది. తెలుగులో మాట్లాడవే అని బతిమాలితే తల అడ్డంగా ఊపి నవ్వుతుంది. స్కూల్లో ఎవరో దాని తెలుగు యాసని వెక్కిరించారట. అప్పటి నుంచి నోట్లో తాళం వేసుకుంది.

ఆ పుట్టినరోజుకి బావగారు సెలవు మీద రావాలి. నెల రోజులుగా ఫోనులో ఒకటే మాట, "వచ్చేశాననుకో తల్లీ" అని. మనవాళ్ళ అలవాటు తెలిసిందే. భోజనం అయిపోయింది రండి అంటే కుక్కర్ ఇంకా కూత పెట్టలేదని. బస్టాండుకి వచ్చేశాను అంటే ఇంట్లో చెప్పులు వెతుక్కుంటున్నానని. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెబితే అవతలివాళ్ళకి ధైర్యంగా ఉంటుందని మన నమ్మకం. పుట్టినరోజుకి కాస్త ముందు సెలవు రద్దయింది. పైన ఏదో కదలిక ఉందట, ఎవరినీ వదలడం లేదట. ఆ మాట విన్నాక అక్క ఫోన్ని స్నానాల గదిలోకి కూడా పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. పాప మాత్రం ఏడవలేదు. "ఠీక్ హై" అని హోంవర్కు చేసుకుంది. ఆ ఠీక్ హై విని నాకు భయం వేసింది. ఆ వయసు పిల్ల అంత సులువుగా ఊరుకోకూడదు.

అందుకే ఎక్కడికెళ్దామో నువ్వే చెప్పు అన్నాను. పాప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నోయిడా వైపున్న పార్కు పేరు చెప్పి, రైడ్లు ఎక్కకపోయినా ఫరవాలేదు, అక్కడి అడవి రెస్టారెంటులో జలపాతం పక్క టేబుల్ కావాలంది. వాళ్ళ క్లాసులో సగం మంది ఆ టేబుల్ దగ్గర ఫొటో దిగారట. లోపలంతా ప్లాస్టిక్ తీగలు, చెవులు ఊపే ఏనుగు బొమ్మ, ఒక మూల బండల మీంచి నిజం నీళ్ళే దూకే జలపాతం. మధ్యమధ్యలో దీపాలన్నీ ఆర్పేసి ఉరుములు, మెరుపులు వినిపిస్తారు, చూపిస్తారు. ఆ సమయంలో జలపాతం పక్కన కూర్చున్నవాళ్ళు తడవకుండా వానలో కూర్చున్నట్టే ఉంటుందట. ఆ టేబుల్ ముందుగా బుక్ చేసుకోవడం కుదరదు. వెళ్ళి నిలబడాలి, అంతే.

చలి ఇంకా పూర్తిగా వదలని ఫిబ్రవరి. ముగ్గురం స్వెట్టర్లతోనే వెళ్ళాం. పాప రెండు మూడు రైడ్లు ఎక్కింది. రైడ్ల దగ్గర సంచులు వద్దన్నారని అక్క పెద్ద బ్యాగు గేటు పక్క లాకర్లో పెట్టాం. అక్క ఎప్పుడూ దాచుకునే చాక్లెట్లు, గ్లూకోజు పొడి అందులోనే ఉండిపోయాయి. సూది ఉన్న చిన్న సంచి మాత్రం మెడలో వేసుకుంది. భోజనానికి ఎలాగూ రెస్టారెంటుకే కదా అనుకున్నాం. నా భయాలన్నీ బావగారున్న కొండల వైపే తిరిగి ఉన్నాయి, ఈ పక్కకి చూడలేదు.

రెస్టారెంటు ముందు జాతరలా ఉంది జనం. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. పాప నాకూ అక్కకీ మధ్య వార్తలు మోస్తోంది. నేను గుమ్మం దగ్గరి అమ్మాయిని పట్టుకుని వేలాడుతున్నాను. నాకు లైన్లో నిలబడే ఓపిక పుట్టుకతోనే లేదు. ఎవరైనా ముందుకి దూరుతున్నారేమోనని అందరి మోచేతుల మీదా కన్నేసి ఉంచుతాను. చివరికి ఆ అమ్మాయి నా పోరు పడలేక, వంటింటి తలుపు పక్కన ఒక టేబుల్ ఖాళీగా ఉందనీ, జలపాతం టేబులే కావాలంటే, "బస్ హో గయా మ్యామ్, వో లోగ్ ఉఠ్ రహే హైం," వాళ్ళు లేచేస్తున్నారు అనీ చెప్పింది. టేబుళ్ళకి అడ్డంగా కట్టిన తాడు మీంచి తొంగిచూశాను. నిజమే, జలపాతం పక్కన కూర్చున్న కుటుంబం ముందు ప్లేట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. వాళ్ళలో ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి పొట్ట నిమురుకుంటున్నాడు. సరే, అదే ఇవ్వమన్నాను. ఏదో కోట గెలిచినంత గర్వంగా అనిపించింది.

పాప నా స్వెట్టర్ లాగి, దొరికిందా అని, "మౌసీ, మిలా క్యా?" అంది.

"వచ్చేసింది. అమ్మని లోపలికి రమ్మను," అన్నాను.

పాప పరుగెత్తుకెళ్ళింది. అక్కతో ఏమందో నాకు తరవాత తెలిసింది. "మమ్మీ, టేబుల్ మిల్ గయా."

ఆ మాట నేనే వెళ్ళి చెప్పి ఉంటే వచ్చేసిందే అనేదాన్ని. నా 'వచ్చేసింది' అక్కకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. వచ్చిందా, నీ వచ్చేసిందా అని అడిగి ఉండేది. కానీ పాప హిందీలో ఆ సాగుడు లేదు. తను విన్నది వచ్చేసింది, తనకి తెలిసిన అర్థం వచ్చిందనే. దొరికింది అని చెప్పింది. అక్క లేచి, నలుగురిలో సూది తియ్యడం ఇష్టం లేక, ఎప్పటిలాగే వాష్‌రూముకి వెళ్ళి వేసుకుని వచ్చింది.

వచ్చి నా పక్కన నిలబడి "ఏదే టేబుల్?" అంది.

"అదిగో, వాళ్ళు లేవగానే."

సరిగ్గా అప్పుడే వాళ్ళ టేబుల్ మీదికి పొగలు కక్కుతూ కేకు ఒకటి వచ్చింది, ఐస్‌క్రీముతో సహా. పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క మొహంలో ఏదో మారింది. విసుగేమో అనుకున్నాను.

"వంటింటి పక్కన ఏదో ఖాళీగా ఉందని పాప అంది?" అంది.

"అది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఇది వచ్చేసిందే అక్కా, చూడు, తినడానికి స్పూన్లు కూడా ఎత్తేశారు."

అక్క పాప వైపు చూసింది. పాప జలపాతాన్ని నోరు తెరుచుకుని చూస్తోంది. పొద్దుటి నుంచి ఆ పిల్ల మొహంలో వెలుగు కనపడ్డం అదే మొదలు. "బేగి తెమల్చమని చెప్పవే," అని మాత్రం అని అక్క ఏనుగు బొమ్మ కాలికి ఆనుకుంది. అప్పుడే ఎందుకు చెప్పలేదని తరవాత నిలదీస్తే, "చెప్తే నువ్వు గోల చేస్తావు. దాని పుట్టినరోజు కాస్తా నా రోగం అయిపోతాది," అంది.

నేను గుమ్మం అమ్మాయితో గొడవకి దిగాను. హో గయా అన్నావు కదా, ఏం హో గయా అని. ఆ అమ్మాయి నవ్వు చెరగకుండా మళ్ళీ బస్ హో గయా అంది. వెనకాల ఎవరిదో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఏనుగు చెవులు ఊపుతూ ఘీంకరిస్తోంది. ఆ రొదలో అక్క గొంతు చాలా మామూలుగా వినిపించింది.

"బావ బండి ఎక్కడ పెట్టారే? ఇంకా రారేటి?"

పాప చటుక్కున వెనక్కి తిరిగింది. "పాపా ఆయే హైం?" అంటూ జనంలో వాళ్ళ నాన్న కోసం వెతకసాగింది. మునివేళ్ళ మీద లేచి మరీ వెతికింది. నేను మాత్రం అక్క మొహం చూశాను. ఆ చలిలో నుదురంతా చెమట. పై పెదవి మీద చెమట. కళ్ళు నా మీదే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు.

"అక్కా, సూది వేసుకున్నావా?"

"వేసేసుకున్నానే."

అప్పుడు కూడా నాకు ఆశే. "వేసేసుకున్నావా, వేసుకోబోతున్నావా?" అని అడిగాను. అక్కకి ప్రశ్న అర్థం కాలేదు. మెడలో సంచి జిప్పు తెరిచి ఉంది. అందులో సూది మూత విడిగా పడి ఉంది.

ఏదైనా తియ్యటిది కావాలి, వెంటనే కావాలి. గుమ్మం అమ్మాయి వైపు తిరిగాను. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే దీపాలన్నీ ఆరిపోయాయి.

జనం సంతోషంతో ఈలలు వేశారు. నెత్తి మీద ఉరుము పేలింది. నా చేతిలో అక్క చెయ్యి తడిగా, బరువుగా ఉంది. ఇంతలో అది మెల్లగా జారడం మొదలుపెట్టింది. అక్క ఏనుగు కాలి పక్కన కిందికి కుంగిపోతోంది. నేను తన నడుం పట్టుకుని, భయంతో నాకొచ్చిన హిందీ అంతా పోగా, మిగిలిన నాలుగు ముక్కలతో అరిచాను. "షుగర్! దీదీ కో షుగర్ హై! కుఛ్ మీఠా దో!"

ముందు నిలబడ్డ పెద్దాయన నా భుజం పట్టుకున్నారు. "షుగర్ హై తో మీఠా మత్ దో బేటా," అన్నారు. షుగర్ ఉన్న మనిషికి తీపి పెట్టకూడదని ఆయనకి తెలుసు. పక్కనున్న ఆవిడకీ తెలుసు. ఎవరో మంచినీళ్ళ సీసా అందించారు. ఎవరో గాలి ఆడనివ్వండి అన్నారు. అందరూ మంచివాళ్ళే. అందరూ కలిసి నా అక్కని చంపేస్తారని భయమేసింది. కాదు, పడిపోయింది, తక్కువైపోయింది అని తెలుగులోనే అరుస్తున్నాను. నా మాట నాకే ఉరుముల్లో వినిపించడం లేదు. వంటింటి గడప మీద కూర్చున్న అక్క కళ్ళ ముందుకొచ్చింది. ఈసారి నువ్వెవరు అని కూడా అడగదేమో అనుకున్నాను.

అప్పుడు పాప గొంతు వినిపించింది. సన్నటి గొంతు, కానీ ప్రతి మాటా విడివిడిగా. "మమ్మీ నే ఇన్సులిన్ లే లియా హై. ఖానా నహీ మిలా. షుగర్ లో హో గయా హై. మీఠా దేనా పడేగా." అమ్మ ఇన్సులిన్ వేసుకుంది, తిండి దొరకలేదు, చక్కెర పడిపోయింది, తీపి ఇవ్వాలి అని. పెద్దాయన చెయ్యి నా భుజం మీంచి తీసేశారు. "అచ్ఛా, లో హై," అని ఆయనే గట్టిగా అరవడం మొదలుపెట్టారు.

నేను అక్కని ఆయనకి అప్పగించి తాడు దాటాను. ఒక మెరుపులో జలపాతం టేబుల్ కనిపించింది. దాని మీద ఒక పిల్లవాడి ముందు పొడుగాటి గ్లాసు, సగానికి పైగా కూల్‌డ్రింకు. అడగలేదు. తీసుకున్నాను. వాళ్ళ నాన్న లేచి నిలబడి ఏదో అన్నాడు. రెండో మెరుపు వచ్చేసరికి నేను అక్క దగ్గర ఉన్నాను.

మొదటి గుక్క గడ్డం మీంచి స్వెట్టర్ మీదికి కారిపోయింది. "మింగక్కా, మింగు," అంటూ పెదాల దగ్గర పెట్టాను. మింగింది. మళ్ళీ పెట్టాను. పాప అమ్మ తలని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. దీపాలు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు, ఉరుములకి.

గ్లాసు పోగొట్టుకున్న కుటుంబమే లేచి చోటిచ్చింది. ఆ పిల్లవాడి నాన్న, ఆ పెద్దాయన కలిసి అక్కని ఎత్తి జలపాతం పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. వాళ్ళావిడ మిగిలిన కేకు తెచ్చి స్పూనుతో అక్క నోట్లో పెట్టబోయింది. నేనే తీసుకుని పెట్టాను. నా కళ్ళు అక్క కళ్ళ మీంచి కదలడం లేదు. తను నా మొహం వైపు తిరిగింది. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

"ఏటే, అంత గట్టిగా పట్టుకున్నావు. చెయ్యి నొప్పెడతాంది," అంది అక్క.

నేను భోరున ఏడ్చాను. గుమ్మం అమ్మాయి, వెయిటర్లు, ఆ టేబుల్ కోసం లైన్లో ఉన్నవాళ్ళు, అందరూ చూస్తుండగా ఏడ్చాను. సిగ్గనిపించలేదు. తరవాత పార్కు నర్సు వచ్చి వేలికి గుచ్చి చూసి, ఇప్పుడు పెరుగుతోంది, కడుపునిండా తినిపించండి అని చెప్పింది. తిండి వచ్చింది. అడక్కుండానే వచ్చింది. అంత మంచి టేబుల్ మాకు అలా దొరికింది.

పాప మాత్రం ముద్ద ముట్టలేదు. ఆ పక్కనే నీళ్ళు దూకుతున్నా అటు చూడనైనా లేదు. చాలాసేపటికి చిన్నగా అడిగింది, "మౌసీ, మైనే గలత్ బోలా థా?"

తను తప్పు చెప్పిందేమోనని. ఆ అడిగిన తీరుకి నాకు మళ్ళీ భయమేసింది. అక్కకి చక్కెర ఎక్కించవచ్చు, ఈ పిల్ల లోపలికి పోతున్నదాన్ని ఎవరు బయటికి లాగుతారు? "నువ్వేమీ తప్పు చెప్పలేదు నాన్నా," అంది అక్క, ఇంకా నీరసంగా. "పిన్ని వచ్చేసిందంది, నువ్వు వచ్చేసిందని చెప్పావు."

"పర్ ఆయా నహీ థా," అంది పాప. రాలేదు కదా, మరి.

నేను నచ్చచెప్పబోయాను. మనం తెలుగులో వస్తున్నదాన్ని కూడా వచ్చేసిందనే అంటాం, అదొక అలవాటు, ఎదుటివాళ్ళు కంగారు పడకుండా అలా అంటాం అని. పాప శ్రద్ధగా వింది. లెక్కల మాస్టారు చెప్పింది విన్నట్టు వింది. కాసేపు ఆలోచించి, "పాపా వాలా భీ?" అని అడిగింది. నాన్న అనేది కూడా అదేనా అని.

అక్క నోటి దాకా తీసుకెళ్ళిన రొట్టె ముక్క అక్కడే ఆగిపోయింది. ఫొటో తియ్యమంటారా అని వెయిటర్ అడిగితే వద్దన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబులో అక్క, నేను పాపకి అటొకరు ఇటొకరు కూర్చున్నాం. నేను అక్క చెయ్యి వదల్లేదు. చల్లగా ఉందా, తడిగా ఉందా అని మాటిమాటికీ తడిమి చూస్తున్నాను. యమున వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉండగా అక్క ఫోను మోగింది. అక్క ఎప్పటిలాగే తెర మీద పేరు చూసేదాకా ఊపిరి తీసుకోలేదు. బావగారే. అక్క స్పీకరు పెట్టింది. లైను సరిగ్గా లేదు, గాలి హోరు మధ్యలోంచి ఆయన మాట వస్తోంది. జరిగిందేదీ చెప్పవద్దని అక్క నాకు కళ్ళతో సైగ చేసింది.

"హ్యాపీ బర్త్‌డే తల్లీ. టేబుల్ దొరికిందా? కేకు తిన్నావా?"

"హాఁ పాపా."

"నేను కూడా వచ్చేశాననుకో. ఇదిగో, వచ్చేశాను."

పాప ఫోన్ని రెండు చేతులతో నోటి దగ్గరికి తీసుకుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటున్నట్టు, నేను దాని నోట ఎన్నడూ వినని తెలుగులో అడిగింది.

"వచ్చేశావా నాన్నా, వస్తున్నావా?"

క్యాబు కాస్త కదిలి మళ్ళీ ఆగింది.

"ఇంకా బయల్దేరలేదమ్మా," అన్నారు బావగారు.

పాప ఫోన్ని అమ్మ ఒళ్ళో పెట్టేసింది. ఈసారి ఠీక్ హై అనలేదు. నా స్వెట్టర్‌లో మొహం దాచుకుని, సెలవు రద్దయిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. అక్క దాని వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయింది. ఒళ్ళో ఫోనులో బావగారు హలో, హలో అంటూనే ఉన్నారు.